దుర్గ్ స్టేషన్‌లో ఆగిన ఆగ్రా ప్రయాణం

2025 జూలై 25, శుక్రవారం ఉదయం. దుర్గ్ జంక్షన్.

భిలాయి తెలుగువాళ్లకు ఈ స్టేషన్ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఉక్కు నగరం ఎంత విస్తరించినా దూరపు రైలు ఎక్కాలంటే చాలామంది సంచులు పట్టుకుని ఇక్కడికే వస్తారు. విశాఖ వందే భారత్ బయల్దేరేదీ ఇక్కణ్నుంచే. ఉద్యోగం కోసం వెళ్లేవాళ్లు, పెళ్లికి వెళ్లేవాళ్లు, పేరు తెలియని ఊళ్లో పని దొరికిందని ఎవరో తీసుకెళ్తుంటే వాళ్ల వెంట నడిచేవాళ్లు... ప్లాట్‌ఫాం మీద అందరూ కలిసే ఉంటారు.

ఆ ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో ముగ్గురు ఆదివాసీ యువతులు స్టేషన్‌లో ఉన్నారు. బస్తర్ ప్రాంతంలోని నారాయణపూర్ జిల్లా వాళ్లది. ముగ్గురూ మేజర్లే. తోడుగా ఒక యువకుడు వచ్చాడు. ఆ ముగ్గురిలో ఒకమ్మాయికి అన్న. కేరళకు చెందిన ఇద్దరు క్రైస్తవ సన్యాసినులు, అంటే సిస్టర్లు, వచ్చి వీళ్లను ఆగ్రాకు తీసుకెళ్లాలి. అక్కడి క్రైస్తవ సంస్థల్లో వంట, ఇంటిపని లాంటి ఉద్యోగం. నెలకు పది వేల దాకా జీతం, తిండి, ఉండటానికి చోటు ఇస్తామన్నారని ఆ అమ్మాయిల్లో ఒకరు తర్వాత చెప్పారు. నారాయణపూర్ పల్లెలో కూలికెళ్లే పిల్లకు అది చిన్న మొత్తం కాదు.

సిస్టర్ల తరఫువాళ్లు చెప్పిన ప్రకారం గొడవ మొదలైంది టికెట్ల దగ్గర. ప్లాట్‌ఫాం టికెట్ ఏదని టీటీఈ అడిగాడు. రైలు టికెట్లు సిస్టర్ల దగ్గరున్నాయని వీళ్లు చెప్పారు. మామూలుగా అయితే అక్కడితో అయిపోవాలి. మహా అయితే జరిమానా రాస్తారు. కానీ కాసేపటికే బజ్రంగ్ దళ్ కార్యకర్తలు చుట్టుముట్టారు. అమ్మాయిల్ని మతం మార్చడానికి ఎత్తుకుపోతున్నారంటూ నినాదాలు మొదలయ్యాయి. సిస్టర్లు, యువకుడు, ముగ్గురు అమ్మాయిలు అందరూ రైల్వే పోలీసుల దగ్గరకు చేరారు.

తర్వాతి సంగతి దేశమంతా వీడియోలో చూసింది. పోలీసులు అక్కడే ఉన్నారు. ప్రశ్నలు మాత్రం బజ్రంగ్ దళ్ నాయకురాలు అడుగుతున్నారు. గొంతు పెంచి గద్దించడం, సిస్టర్ల సంచీలో ఏముందో తీసి చూడటం, అన్నీ యూనిఫాం ముందే జరిగాయి. తమ మీద ఒత్తిడి తెచ్చారని, చెయ్యి చేసుకున్నారని, సిస్టర్లకు వ్యతిరేకంగా చెప్పమని బలవంతపెట్టారని ఆ అమ్మాయిల్లో ఒకరు తర్వాత పత్రికలకు చెప్పారు. తాను కొట్టలేదని ఆ నాయకురాలు అన్నారు. కొట్టారా లేదా అన్నది దర్యాప్తు తేల్చాల్సిన మాట. ఠాణాలో పోలీసు కూర్చుని ఉండగా బయటి మనిషి విచారణ నడపవచ్చా అన్నదానికి దర్యాప్తు అక్కర్లేదు.

అదే రోజు ఎఫ్ఐఆర్ అయింది. ఇద్దరు సిస్టర్లు, ఆ యువకుడు అరెస్టయ్యారు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 143 పెట్టారు. అంటే మనుషుల అక్రమ రవాణా. ఒకరికి మించి మనుషుల్ని తరలించారని రుజువైతే పదేళ్లకు తక్కువ కాకుండా, యావజ్జీవం దాకా శిక్ష పడే సెక్షన్ అది. దాంతో పాటు ఛత్తీస్‌గఢ్ మతస్వేచ్ఛ చట్టం, 1968లోని సెక్షన్ 4. ముగ్గురినీ దుర్గ్ జైలుకు పంపారు. ముగ్గురు అమ్మాయిల్ని ప్రభుత్వ వసతి గృహానికి తరలించారు. ఆగ్రా రైలు వెళ్లిపోయింది.

*

ఒక్క విషయం ముందే చెప్పుకోవాలి. బస్తర్ నుంచి, జశ్‌పూర్ నుంచి, సర్గుజా నుంచి ఆదివాసీ ఆడపిల్లల్ని పని పేరుతో నగరాలకు తీసుకెళ్లి మోసం చేసే దళారులు నిజంగానే ఉన్నారు. అందుకే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2013లో ప్లేస్‌మెంట్ ఏజెన్సీలను కట్టడి చేస్తూ ప్రత్యేక చట్టమే తెచ్చుకుంది. కాబట్టి స్టేషన్‌లో పోలీసు ఆపి వివరాలు అడిగాడంటే తప్పుపట్టలేం. ఆపడమే మంచిది. కానీ ఆపాక చేయాల్సిన పని ఏమిటి? ఆధార్ చూసి వయసు తెలుసుకోవడం, తల్లిదండ్రులకు ఫోన్ చేయడం, ఎక్కడికి, ఏ పనికి అని ఆ అమ్మాయిల్నే పక్కకు పిలిచి మహిళా పోలీసు చేత అడిగించడం. గంట పని.

ఆ గంట పని చేసుంటే ఏం తేలేదో తర్వాత కోర్టు కాగితాల్లో తేలింది. ఆ కుటుంబాలు ఎప్పటినుంచో క్రైస్తవం పాటిస్తున్నాయి. మా పిల్లల్ని మా ఇష్టంతోనే పంపాం, ఎవరూ ఆశపెట్టలేదు, బెదిరించలేదు అని తల్లిదండ్రులే అఫిడవిట్లు ఇచ్చారు. ముందే క్రైస్తవులైన వాళ్లను క్రైస్తవంలోకి మార్చడం ఎలా సాధ్యమో మతస్వేచ్ఛ చట్టం ఎన్నిసార్లు చదివినా అర్థం కాదు.

*

జూలై 28, సోమవారం. అరెస్టులకు నిరసనగా పార్లమెంటు ఆవరణలో కేరళ ఎంపీలు ప్లకార్డులు పట్టుకున్నారు. అదే రోజు ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ ఎక్స్‌లో తన మాట చెప్పారు. నారాయణపూర్ ఆడబిడ్డలు ముగ్గురికి నర్సింగ్ శిక్షణ, ఉద్యోగం ఆశచూపి ఆగ్రా తీసుకెళ్తున్నారని, ప్రలోభంతో మానవ రవాణాకు, మతమార్పిడికి ప్రయత్నం జరిగిందని, కేసు కోర్టులో ఉంది కనుక చట్టం తన పని తాను చేస్తుందని దాని సారాంశం.

కోర్టులో ఉన్న కేసులో ప్రయత్నం జరిగిందని ముఖ్యమంత్రే చెప్పేశాక కింది పోలీసు ఇంకేం రాస్తాడు? సాయ్ కూడా ఆదివాసీ నాయకుడే. ఆయన గెలిచిన నియోజకవర్గం కున్‌కురి. ఆసియాలోని పెద్ద చర్చిల్లో ఒకటిగా చెప్పుకునే కెథెడ్రల్ ఉన్నది ఆ ఊళ్లోనే. ఆదివాసీ క్రైస్తవులు అంటే ఎవరో ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

అదే సమయంలో తిరువనంతపురంలో సాయ్ పార్టీ బీజేపీయే ఇంకో పాట పాడుతోంది. సిస్టర్లు నిర్దోషులు, మేము వాళ్ల వెంటే ఉన్నాం అని కేరళ బీజేపీ అధ్యక్షుడు రాజీవ్ చంద్రశేఖర్ ప్రకటించారు. పార్టీ ప్రధాన కార్యదర్శి అనూప్ ఆంటోనీని హుటాహుటిన రాయ్‌పూర్ పంపారు. కారణం అందరికీ తెలిసిందే. 2024లో త్రిస్సూర్ లోక్‌సభ సీటు గెలిచాక కేరళ క్రైస్తవుల ఓట్ల మీద ఆ పార్టీకి ఆశ పెరిగింది. అప్పటికి అసెంబ్లీ ఎన్నికలు ముందున్నాయి. ఒకే పార్టీ, ఒకే వారం, ఒకే ఇద్దరు మనుషులు. రాయ్‌పూర్‌లో నిందితులు, తిరువనంతపురంలో నిర్దోషులు. రాజ్యాంగం రెండు చోట్లా ఒకటే అయినా ఓట్ల లెక్క వేరు.

జూలై 29న కాంగ్రెస్ కూటమి ఎంపీలు దుర్గ్ జైల్లో సిస్టర్లను కలిశారు. వామపక్ష బృందంతో వచ్చిన సీపీఎం నాయకురాలు బృందా కరాత్‌కు మర్నాడు గానీ అనుమతి దొరకలేదు. టీవీ కెమెరాలన్నీ జైలు గేటు దగ్గరే. కేరళ నుంచి సిస్టర్ల బంధువులొచ్చారు, బిషప్పులు మాట్లాడారు, ముఖ్యమంత్రి పినరయి విజయన్ ప్రధానికి లేఖ రాశారు. మూడో నిందితుడైన ఆ ఆదివాసీ యువకుడి పేరు మాత్రం చాలా వార్తల్లో చివరి వాక్యంలో కూడా కనపడలేదు. అతనికి ఎంపీలు లేరు. చెల్లెల్ని రైలెక్కించడానికి వచ్చినవాడు అతను.

*

జూలై 30. దుర్గ్ సెషన్స్ కోర్టు. కింది కోర్టులో బెయిల్ దొరకలేదు కాబట్టి ఇక్కడ ఆశ. అయితే కోర్టు కేసు మంచి చెడ్డల్లోకే వెళ్లలేదు. మానవ రవాణా సెక్షన్ ఉంది కనుక వినే అధికారం మాకు లేదు, ఎన్ఐఏ ప్రత్యేక కోర్టుకు వెళ్లండి అంది.

ఇది చాలామందికి వింతగా తోచింది. దర్యాప్తు చేస్తున్నది రైల్వే పోలీసు, ఎన్ఐఏ కాదు. మరి ఎన్ఐఏ కోర్టు ఎందుకు? 2019లో పార్లమెంటు ఎన్ఐఏ చట్టాన్ని సవరించి మానవ రవాణాను కూడా దాని జాబితాలో చేర్చింది. ఉగ్రవాదం కోసం పుట్టిన చట్టం అలా దుర్గ్ ప్లాట్‌ఫాం దాకా వచ్చింది. ఎఫ్ఐఆర్‌లో ఒక్క అంకె రాసినందుకు బెయిలు అర్జీ దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని బిలాస్‌పూర్ వెళ్లాల్సి వచ్చింది. కోర్టు బయట బజ్రంగ్ దళ్ కార్యకర్తలు సంబరం చేసుకున్నారు. బెయిల్ రాలేదని పండగ చేసుకున్నారు గానీ, కోర్టు ఎవరినీ దోషి అనలేదు.

ఆగస్టు 1న బిలాస్‌పూర్ ఎన్ఐఏ కోర్టు వాదనలు విని తీర్పు మర్నాటికి ఉంచింది. ఆగస్టు 2, శనివారం. ముగ్గురికీ బెయిల్. ఒక్కొక్కరికి 50 వేల రూపాయల బాండు, ఇద్దరు పూచీదారులు, పాస్‌పోర్టు అప్పగించాలి. ఉత్తర్వులో న్యాయమూర్తి రాసిన సంగతి ముఖ్యం. కేసు కేవలం భయం, అనుమానం ఆధారంగా కట్టిందేనని కోర్టు అభిప్రాయపడింది. బాధితులుగా చెప్పినవాళ్లు చిన్నప్పటినుంచే క్రైస్తవులని గమనించింది. ఆ సాయంత్రం సిస్టర్లు జైలు నుంచి బయటికొచ్చారు. లోపల తొమ్మిది రోజులు గడిచాయి.

*

ఈ చట్టం ఎక్కడిది అని వెతికితే ఒక పార్టీ దగ్గర ఆగం. ఛత్తీస్‌గఢ్ పుట్టింది 2000లో. చట్టం 1968ది. ఉమ్మడి మధ్యప్రదేశ్ నుంచి వారసత్వంగా వచ్చింది. దాని వేరు ఇంకా వెనక్కి ఉంది. 1954లో, నాగపూర్ రాజధానిగా ఉన్న పాత మధ్యప్రదేశ్‌లో, రవిశంకర్ శుక్లా కాంగ్రెస్ ప్రభుత్వం క్రైస్తవ మిషనరీల పనిమీద భవానీశంకర్ నియోగి అధ్యక్షతన కమిటీ వేసింది. 1956లో నివేదిక వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత జనసంఘ్ భాగస్వామిగా ఉన్న గోవింద నారాయణ్ సింగ్ సంకీర్ణ ప్రభుత్వం చట్టం చేసింది. బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మారిస్తే ఏడాది జైలు. స్త్రీలు, మైనర్లు, దళితులు, ఆదివాసీలు అయితే రెండేళ్లు. 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. ప్రచారం చేసుకునే హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదంది.

నారాయణపూర్ గాయాలు కూడా నిన్నటివి కావు. 2022 డిసెంబర్‌లో అక్కడి పల్లెల నుంచి వందలమంది ఆదివాసీ క్రైస్తవుల్ని తరిమేశారు. ఇండోర్ స్టేడియంలో తలదాచుకున్నారు. 2023 జనవరి 2న నారాయణపూర్ చర్చి మీద దాడి జరిగింది. ఆపబోయిన జిల్లా ఎస్పీ తల పగిలింది. అప్పుడు రాయ్‌పూర్‌లో ఉన్నది భూపేశ్ బఘేల్ కాంగ్రెస్ సర్కారు. ఆయన నియోజకవర్గం పాటన్ ఈ దుర్గ్ జిల్లాలోదే. ఓటు పోతుందేమోనన్న భయం దగ్గర కాంగ్రెస్ కూడా నోరు నొక్కుకుంది. ఇది చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు.

అయినా తేడా ఉంది. భయపడి ఊరుకునే ప్రభుత్వం వేరు, ఆ గుంపు భావజాలంతోనే అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం వేరు. రెండోదాని కింద పనిచేసే పోలీసుకు, ప్లాట్‌ఫాం మీద కాషాయ కండువా కనపడితే లేచి కుర్చీ ఇవ్వాలో, బయటికి పంపాలో తెలియదు. దుర్గ్ ఠాణా వీడియోలో కనపడింది ఆ అయోమయమే.

*

దుర్గ్ పక్కనున్న భిలాయికి, వేర్వేరు మతాలవాళ్లు కలిసి బతకాల్సిన ఈ పరీక్ష కొత్త కాదు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించిన ఉక్కు ప్లాంటు ఇక్కడిది. పల్లెలు ఖాళీ చేయించి కట్టిన కాలనీల్లోకి తెలుగు, ఒడియా, బెంగాలీ, మలయాళీ, పంజాబీ కుటుంబాలు వచ్చి చేరాయి. ఊరు తనను తాను మినీ ఇండియా అని పిలుచుకుంటుంది. సెక్టార్ 5లో బాలాజీ గుడి, సెక్టార్ 6లో మసీదు, కాళీబాడీ. షిఫ్టు సైరన్ మోగితే గుడికెళ్లేవాడూ మసీదుకెళ్లేవాడూ ఒకే గేటులోంచి లోపలికి వెళ్లాల్సిందే. కొలిమి దగ్గర నిలబడ్డవాణ్ని నీ మతమేమిటని అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

దుర్గ్ నుంచి రాయ్‌పూర్ వైపు రెండో స్టేషన్ భిలాయి పవర్ హౌస్. 1992 జూలై 1న అక్కడ పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది చనిపోయారు. అంతకు ముందు సెప్టెంబర్‌లో వాళ్ల నాయకుడు శంకర్ గుహా నియోగిని భిలాయిలో నిద్రలోనే కాల్చి చంపారు. అప్పుడు భోపాల్‌లో ఉన్నది సుందర్‌లాల్ పట్వా బీజేపీ ప్రభుత్వం. కాల్పులకు ఆ ప్రభుత్వం పడిపోలేదు. అదే ఏడాది డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలింది. 15న కేంద్రం మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రభుత్వాల్ని రద్దు చేసింది. పట్వా జబల్‌పూర్ హైకోర్టుకు వెళ్లి గెలిచారు కూడా. 1994 మార్చి 11న ఎస్.ఆర్. బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది ధర్మాసనం ఆ హైకోర్టు తీర్పును కొట్టేసింది. సెక్యులరిజం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని, దానికి విరుద్ధంగా నడిచే రాష్ట్ర ప్రభుత్వం రాజ్యాంగం ప్రకారం నడుస్తున్నట్టు కాదని తేల్చింది. ఆ ధర్మాసనంలో ఇద్దరు తెలుగువాళ్లున్నారు. జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, జస్టిస్ కె. రామస్వామి. ఈ దేశంలో మతం పేరుతో అధికారం నడిపేవాళ్లకు గీత ఎక్కడ గీయాలో రాసిన చేతుల్లో మన చేతులూ ఉన్నాయి.

నిజం చెప్పాలంటే 356వ అధికరణంతో రాష్ట్ర ప్రభుత్వాల్ని రద్దు చేయడం నాకు నచ్చే మందు కాదు. ఢిల్లీలో ఉన్నవాళ్లు దాన్ని ఎన్నిసార్లు ఎంత అన్యాయంగా వాడారో, 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని రాజ్‌భవన్ నుంచే ఎలా కూల్చారో చూసిన జాతి మనది. పైగా దుర్గ్‌లో జరిగినదానికి ఆ మందు పనికిరాదు. అక్కడ ప్రభుత్వం కూలలేదు, ఎమర్జెన్సీ రాలేదు, ఒక చట్టం కూడా మారలేదు. ఉన్న చట్టాన్నే, ఉన్న ఠాణాలోనే, ఇంకొకరి చేతికి ఇచ్చేశారు. ఇలాంటిదాన్ని ఆపాల్సింది సుప్రీంకోర్టు కాదు, డ్యూటీలో ఉన్న సబ్ ఇన్‌స్పెక్టర్.

*

ఆ ముగ్గురు అమ్మాయిల సంగతి చెప్పి ముగిస్తాను. తొమ్మిది రోజుల హడావుడిలో అందరూ వాళ్ల తరఫున మాట్లాడారు. వాళ్లను కాపాడానని బజ్రంగ్ దళ్ అంది. ముఖ్యమంత్రి వాళ్లను ఆడబిడ్డలన్నారు. వాళ్లు ఓటు వేయగల వయసున్న మనుషులు. ఎక్కడ పని చేయాలో, ఏ దేవుణ్ని మొక్కాలో నిర్ణయించుకునే హక్కు 19, 25 అధికరణాలు వాళ్లకు నేరుగా ఇచ్చాయి. మా ఇష్టంతోనే వెళ్తున్నాం అన్న మాట స్టేషన్‌లో ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఇంటికి వెళ్లాక వాళ్లు ఊరుకోలేదు. తమను అడ్డుకున్నవాళ్ల మీద నారాయణపూర్ ఎస్పీ కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చారు. అక్కణ్నుంచి రాష్ట్ర మహిళా కమిషన్ మెట్లెక్కారు. బజ్రంగ్ దళ్ ఫిర్యాదు ఇచ్చిన రోజే కేసై, ముగ్గుర్ని జైలుకు పంపింది. ఈ ముగ్గురు అమ్మాయిల ఫిర్యాదు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

పాఠకులకు ఒక మాట. మన పిల్లలూ శ్రీకాకుళం నుంచి చెన్నైకి, పాలమూరు నుంచి ముంబయికి ఎవరో ఒకరి వెంట పనికి వెళ్తూనే ఉంటారు. దారిలో పోలీసు కాని మనిషి ఆపి, మీదే మతం, సంచీలో ఏముంది అని అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత వాళ్లకు లేదు. కళ్లముందు బెయిలు రాని పెద్ద నేరం జరిగితేనో, పరారీలో ఉన్నాడని కోర్టు ప్రకటించినవాడు దొరికితేనో తప్ప మామూలు మనిషికి ఇంకొకర్ని పట్టుకునే అధికారం లేదు. పట్టుకున్నా ఆలస్యం చేయకుండా, ఆరు గంటల్లోపు పోలీసుకు అప్పగించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 40 చెబుతోంది. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, వకీలును పిలుచుకోనివ్వాలి. ఇవి 22వ అధికరణంలో ఉన్నాయి. రైలెక్కించే ముందు పిల్లలకు టిఫిన్ డబ్బాతో పాటు ఇవి కూడా చెప్పి పంపండి.